చెట్టు నీడను వెలసిన చదువు

1912వ సంవత్సర ప్రాంతమున నాటి తూర్పు బెంగాలు, అస్సాము ప్రభుత్వము తన ఉద్యోగులకు గోప్యమైన ఉత్తరువు నొకదానిని పంపెను. బోలుపూరు సమీపమున రవీంద్రనాథ ఠాగూరు నడుపుచున్న పాఠశాల ప్రభుత్వోద్యోగుల పిల్లలకు తగినది కాదని దాని సారాంశము. ఆ ఉత్తరువు అందిన పిమ్మట కొందరు తండ్రులు తమ కుమారులను అచటినుండి తీసికొనిపోయిరి. ఉద్యోగమునకు భంగము కలుగునేమో యను భయము వారిది. పాలకులకు జంకు పుట్టించిన ఆ పాఠశాలలో కంటికి కానవచ్చునది మాత్రము ఇంతే: చెట్ల క్రింద తలకొక ఆసనము పరచుకొని కూర్చుండిన బాలురు, వారి నడుమ ఒక ఉపాధ్యాయుడు, పైన కొమ్మలలో పక్షులు.

1951లో అదే సంస్థ పార్లమెంటు చట్టముచే కేంద్ర విశ్వవిద్యాలయ మాయెను. 2023లో యునెస్కో ఆ ప్రదేశమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. ఒక ప్రభుత్వము అనుమానించిన బడిని మరియొక ప్రభుత్వము నలువది యేండ్లలోపల అక్కున జేర్చుకొనుట సంతోషింపదగిన విషయమే. కాని చెట్టు క్రింది ఆ చదువు దేశమందలి సామాన్య ప్రాథమిక పాఠశాలకు ఎంతవరకు చేరినది, చేరనిచోట ఏల చేరలేదు అను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. పసిబిడ్డ కంటితో, చేతితో, పాటతో, ఆటతో, మట్టితో, మొక్కతో నేర్చుకొనవలెనను భావము మన దేశమున నూరేండ్లకు పైగా నడచిన త్రోవను గమనించినచో ఆ ప్రశ్నకు కొంత సమాధానము దొరకును.

ఇసుకలో అక్షరము

ప్రకృతి విద్య యనగానే ప్రాచీన గురుకులములను స్మరించి, పూర్వమంతయు స్వర్ణయుగమని తలపోయుట మనకు అలవాటు. చరిత్ర అంత సులభమైన తీర్పు చెప్పదు. 1823లో బళ్ళారి జిల్లా కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ తన జిల్లాలోని దేశీయ పాఠశాలలను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. తెలుగు, కన్నడములు రెండును వ్యవహారమందున్న ఆ జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆయన లెక్క. ఆ బడిలో పిల్లవాడు నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో అక్షరము దిద్దుచు, దిద్దినదానిని పైకి పలుకును. కన్ను, చేయి, నోరు, చెవి ఒక్కసారిగా పనిచేయును. ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పును. ఒక్క గురువు అనేకులకు చదువు చెప్పగలుగుట ఇట్టి యేర్పాటు వలననే.

ఈ పద్ధతిలోని మేలు పరదేశీయుల దృష్టికి ముందుగనే వచ్చెను. మద్రాసులో ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయమును నడపిన ఆండ్రూ బెల్ అను క్రైస్తవ మతాచార్యుడు, దేశీయ బాలురు ఇసుకలో వ్రాయుట చూచి, దానిని తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో ఆయన లండనులో ప్రకటించిన పుస్తకము ద్వారా పిల్లలే పిల్లలకు నేర్పు విధానము ఇంగ్లండులోని బీదపిల్లల పాఠశాలలలో వ్యాపించెను. మన వీథిబడినుండి ఇంగ్లండునకు వెళ్లిన ఎగుమతులలో ఇది యొకటి. దీనిపై సుంకము మాత్రము ఎవ్వరును వసూలు చేయలేదు.

అయినను ఆ బడిలోని లోపమును క్యాంబెల్ దాచలేదు. పిల్లలు వల్లించు పద్యముల భాష వారు ఇంట మాటలాడు భాష కాదు. వాని యర్థము శిష్యులకే కాదు, పెక్కుచోట్ల గురువునకును తెలియదు. ఇంతకంటె పెద్ద లోపము బడికి వెలుపల నుండెను. సీమ బట్టల దిగుమతి వలన చేనేత క్షీణించి, జనులు బీదలై, బిడ్డలు కాస్త యెదుగగనే కూలికి పోవలసిన గతి పట్టెనని ఆయన వ్రాసెను. 533 బడులలో ఒక్కదానికైనను ప్రభుత్వము వలన సహాయము లేదని చెప్పుటకు తనకు సిగ్గు కలుగుచున్నదని కూడ ఆయన అంగీకరించెను. అనగా వీథిబడిలో చేతికి పని కలదు, చెలిమి కలదు. అర్థమునకు చోటు చాలదు, ఆదరువు అసలే లేదు.

పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మద్రాసు ఆధిపత్యమున ఆదరువు వచ్చెను గాని, వెంట ఒక షరతును తెచ్చెను. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించినపుడు ఎందరు బాలురు చదువుట, వ్రాయుట, లెక్కలలో కృతార్థులైరో దానిని బట్టి గ్రాంటు. పంతులుగారి జీతము పరీక్షకు ముడిపడెను. అప్పటినుండి పరీక్షలో అడుగనిది బడిలో చెప్పకుండుట లోకజ్ఞాన మాయెను. పాట, బొమ్మ, తోట, ఋతువు ఈ నాలుగింటిపై ఇన్‌స్పెక్టరు ప్రశ్న వేయడు గదా.

సప్తపర్ణి క్రింద

రవీంద్రుడు బాల్యమున కలకత్తాలో మూడు నాలుగు బడులు మారి, ఏ బడియందును ఇముడలేక, పదునాలుగేండ్ల ప్రాయమున బడి చదువు విడిచినవాడు. ఆయన తండ్రి మహర్షి దేవేంద్రనాథుడు 1863లో బోలుపూరు సమీపమున, ఎర్రనేలల నడుమ రెండు సప్తపర్ణి వృక్షములున్న చోట కొంత భూమిని సంపాదించి, ధ్యానమునకై ఒక గృహము కట్టించి, శాంతినికేతనమని పేరిడెను. ఆ స్థలమున 1901 డిసెంబరు 22న రవీంద్రుడు ఐదుగురు విద్యార్థులతో బ్రహ్మచర్యాశ్రమమను పాఠశాల తెరచెను. అప్పటికి ఆయనకు నలువది యేండ్లు. ఆ ఐదుగురిలో ఒకడు ఆయన పెద్ద కుమారుడు రథీంద్రనాథుడు.

కవి యొకడు చెట్ల క్రింద పద్యములు చెప్పుకొనుచు కాలము గడపెనని ఈ కథను తేలికగా తీసికొనరాదు. బడి ఖర్చులకై భార్య మృణాళినీదేవి తన నగలిచ్చెను. పూరీలోని ఇల్లు అమ్ముడుపోయెను. పాఠశాల తెరచిన యేడాది తిరుగకముందే 1902 నవంబరులో ఆమె కాలధర్మము నొందెను. 1903లో కుమార్తె రేణుక, 1905లో తండ్రి, 1907లో కడగొట్టు కుమారుడు శమీంద్రుడు గతించిరి. ఇంతటి శోకముల నడుమను బడిని విడువకుండుట ఆయన దానిని వినోదముగా గాక వ్రతముగా భావించెననుటకు నిదర్శనము.

ఆ బడి దినచర్య చెప్పుకొనదగినది. సూర్యోదయమునకు ముందు లేచుట, స్నానము, కొంతసేపు మౌనముగా కూర్చుండుట, పిమ్మట ఉదయపు పాఠములు. మామిడితోపులో ఒక తరగతి, సాలవృక్షముల బాటలో ఒక తరగతి, పొగడచెట్ల నీడను మరియొక తరగతి. వాన వచ్చినపుడు పాఠము ఆగును. వానలో తడియుటయే ఆనాటి పాఠమగును. వారాంతపు సెలవు ఆదివారము కాదు, బుధవారము. సాయంకాలము సాహిత్య సభలలో పిల్లలు తాము వ్రాసినవి చదువుదురు. తప్పు చేసిన బాలుని విచారించుటకు బాలుర సభయే కలదు. బెత్తమునకు చోటు లేదు.

విజ్ఞానశాస్త్రమునకు ఈ బడిలో లోటు కలిగెననుట సరికాదు. ఠాగూరుల జమీందారీ కచేరీలో ఉద్యోగము చేసిన జగదానంద రాయ్‌ని రవీంద్రుడు ఉపాధ్యాయునిగా తెచ్చుకొనెను. ఆయన పిల్లలకు రాత్రివేళ నక్షత్రములను చూపించి, పగలు పురుగులను, పక్షులను, మొక్కలను పరిశీలింపజేసి, తాను చూపినదానినే బెంగాలీలో బాలుర పుస్తకములుగా వ్రాసెను. చూచుట ముందు, చదువుట వెనుక. వీథిబడిలో అర్థము తెలియని పద్యమునకును ఇచట కంటితో చూచిన చుక్కను గూర్చిన వాక్యమునకును గల భేదమే ఈ విద్యకు మూలము.

కళలు ఇచట సెలవునాటి వేడుకలు కావు. శరదృతువు రాగానే పిల్లలు ఆడుటకై రవీంద్రుడు 1908లో ‘శారదోత్సవ్’ నాటకము వ్రాసెను. వసంతమునకు, వర్షర్తువునకు వేర్వేరు ఉత్సవములు వెలసెను. 1928లో వృక్షారోపణోత్సవము మొదలాయెను. 1950లో కేంద్ర మంత్రి కె. ఎం. మున్షీ దేశమంతట ప్రవేశపెట్టిన వనమహోత్సవమునకు ఇది పూర్వరంగ మనదగినది. 1919లో కళాభవనము ఏర్పడి, నందలాల్ బోస్ వంటి చిత్రకారుడు పిల్లలు తిరుగు త్రోవలోనే కూర్చుండి బొమ్మలు వేయసాగెను. 1930లో వెలువడిన బెంగాలీ వాచకము ‘సహజ్ పాఠ్’ రవీంద్రుని రచన, నందలాల్ చిత్రములు. దేశమున ఒక మహాకవియు ఒక మహాచిత్రకారుడును కలిసి అఆల పుస్తకము చేయుట అరుదైన సంగతి.

ఇట్టి బడికిని ఒక చిక్కు తప్పలేదు. చదువు ముగిసిన బాలుడు కలకత్తా విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండవలెను. తండ్రులు కోరినది అదియే. పంజరమును బంగారముతో చేయించి, చిలుక నోట పుస్తకముల కాగితములు కుక్కి, తుదకు చిలుకను చంపిన రాజాస్థానపు కథను రవీంద్రుడు 1918లో వ్రాసెను. అది ఇతరులపై విసిరిన వ్యంగ్యము మాత్రమే కాదు. తన వాకిట నిలిచిన భయము కూడ. బడికి వచ్చువారు మధ్యతరగతి గృహస్థుల పిల్లలు. పరీక్షను వదలుకొనగల స్థితి వారికి లేదు. కనుక 1924లో ఆయన చుట్టుపట్ల పల్లెల బీదపిల్లలకై ‘శిక్షాసత్ర’ అను రెండవ బడిని తెరచెను. దాని బాధ్యత వహించిన సంతోషచంద్ర మజుందారు తొలినాటి విద్యార్థులలో ఒకడు. అమెరికాకు వెళ్లి వ్యవసాయశాస్త్రము చదివి వచ్చినవాడు. తోటపని, నేత, వంట, పరిసరముల శుభ్రత ఇవియే అచట పాఠములకు ఆధారములు. 1927లో ఆ బడి శ్రీనికేతనమునకు మారెను. తన మనసులోని బడి పేరు పొందిన మొదటిదానికంటె పేరు లేని ఈ రెండవదానియందే ఎక్కువగా సాకారమగునని రవీంద్రుడు ఆశించెను.

తెలుగువారికి ఈ వాయువు ఆదినుండియు తగులుచునేయుండెను. మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావు ప్రభృతులు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలయందు చేతిపనులకును చిత్రలేఖనమునకును చోటుండెను. ప్రమోదకుమార ఛటర్జీ అచట చిత్రకళ నేర్పగా అడివి బాపిరాజు నేర్చుకొనెను. రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతనమున ఉండి వచ్చినవారు. 1919లో రవీంద్రుడు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చి, తన ‘జనగణమన’ గీతమునకు ఆంగ్లానువాదము అచటనే చేసెను. ఆ మదనపల్లె పేరు ఈ కథలో మరల రావలసియున్నది.

రాట్నము చుట్టు బడి

1914లో దక్షిణాఫ్రికానుండి వచ్చిన ఫీనిక్సు ఆశ్రమపు బాలురు శాంతినికేతనమున ఆశ్రయము పొందిరి. 1915 ఫిబ్రవరిలో గాంధీజీ అచటికి వచ్చి, వంటవారిని, పాకీవారిని నమ్ముకొనక పిల్లలును ఉపాధ్యాయులును తమ పనులు తామే చేసికొనవలెనని సూచించెను. మార్చి 10న ఆ ప్రయోగము ఆరంభమాయెను. అది కొలది దినములే నడచినను, ఆ తేదీని ఏటేట ‘గాంధీ పుణ్యాహ’ మని శాంతినికేతనమున జరుపుకొనుచు వచ్చిరి. పాటకు చీపురు తోడైన దినమది.

ఇరువదిరెండేండ్ల తరువాత గాంధీజీ ఆ చీపురునకు రాట్నమును జేర్చి దేశమునకొక విద్యాపథకము నిచ్చెను. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యావేత్తల సమావేశము జరిగెను. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము డిసెంబరులో నివేదిక నిచ్చెను. 1938లో హరిపుర కాంగ్రెసు దానిని ఆమోదించెను. ఏడేండ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని కేంద్రముగా సమస్త విషయములను నేర్పుట ఇవి దాని మూలసూత్రములు. నూలు వడకునప్పుడు పోగుల లెక్క గణితమగును. ప్రత్తి పండు నేల భూగోళమగును. బట్టల వర్తకపు గాథ చరిత్రమగును. సేవాగ్రామమున ఈ పనిని నడిపిన ఆర్యనాయకం, ఆశాదేవి దంపతులు అంతకుముందు శాంతినికేతనమున పనిచేసినవారు. రవీంద్రుని బడికిని గాంధీజీ బడికిని మధ్య వంతెన కట్టినవారు వీరు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మౌలిక విద్య దేశమందలి ప్రాథమిక విద్యావిధానముగా అంగీకరింపబడెను. ఉత్తరువులు వెళ్లెను, బడుల పేర్లు మారెను, రాట్నములు కొనబడెను. కాని 1956లో జి. రామచంద్రన్ అధ్యక్షతన పరిశీలించిన సంఘమునకు కానవచ్చిన దృశ్యము ఉత్సాహకరముగా లేదు. ఇందుకు కారణములు స్పష్టమే. చేతిపనితో పాఠమును ముడిపెట్టగల ఉపాధ్యాయుడు కొద్దిమాసముల శిక్షణతో తయారు కాడు. ప్రత్తి, నారు, పనిముట్లు కాలమునకు అందవు. పిల్లలు చేసిన వస్తువుల విక్రయముతో బడి ఖర్చు గడవవలెనను అంశమును వార్ధా సమావేశముననే కె. టి. షా వంటివారు ఆక్షేపించిరి. పిల్లవాడు విద్యార్థి కాక కూలి యగునని వారి శంక. వీనన్నిటికంటె బలమైనది నాల్గవ కారణము. మౌలిక విద్యను సభలలో ప్రశంసించిన పెద్దలలో పెక్కురు తమ బిడ్డలను ఇంగ్లీషు బడులకే పంపిరి. పల్లెటూరి తండ్రి ఉపన్యాసమును వినలేదు. పెద్దమనిషి బిడ్డ ఏ బడికి పోవుచున్నాడో చూచెను. చూచి, ఇది మనకొరకు కేటాయించిన రెండవరకపు చదువని నిశ్చయించుకొనెను.

ఆ అనుమానము ఎంత తీవ్రమో 1953లో మద్రాసు రాష్ట్రము చూచెను. ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గ్రామ ప్రాథమిక పాఠశాలలలో దినమునకు మూడు గంటల చదువు, తక్కిన వేళ తలిదండ్రుల వృత్తిలో తోడ్పాటు అను పథకమును ప్రవేశపెట్టెను. ఉన్న బడులలోనే రెండు పూటలుగా ఎక్కువమంది పిల్లలకు చోటు కల్పింపవచ్చునని ఆయన ఆలోచన. చాకలి కొడుకు చాకలిగాను, కుమ్మరి కొడుకు కుమ్మరిగాను మిగులుటకే ఈ యుపాయమని ప్రజలు భావించి, దానికి ‘కులకల్వి’ అనగా కులవృత్తి చదువని పేరు పెట్టిరి. ఉద్యమము చెలరేగెను. 1954లో కామరాజు ముఖ్యమంత్రియై ఆ పథకమును రద్దు చేసెను. పనిద్వారా నేర్చుకొనుట మంచిదే. కాని ఏ పని యనునది పుట్టుకను బట్టి నిర్ణయమగునపుడు అది విద్య కాదు. శాంతినికేతనమున బ్రాహ్మణ బాలుడు మట్టి త్రవ్వుట విద్య. మట్టి త్రవ్వువాని కొడుకును మధ్యాహ్నమే మట్టి త్రవ్వుటకు పంపుట విద్య కాజాలదు. ఈ భేదమును మరచినవారే ఈ యుద్యమమునకు ఎక్కువ నష్టము కలిగించిరి.

ముంగిటికి వచ్చిన బడి

ఇదే కాలమున మరియొక ప్రవాహము పసిపిల్లల పక్షమున పారుచుండెను. 1939లో దివ్యజ్ఞాన సమాజము ఆహ్వానముపై ఇటలీనుండి మేరియా మాంటిసోరి అడయారునకు వచ్చెను. యుద్ధము వలన శత్రుదేశపు పౌరురాలిగా ఆమె కదలికలకు ఆంక్షలు కలిగి, కొంతకాలము కొడైకెనాలులో నివసించి, 1946 వరకు ఈ దేశముననే ఉండి వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. కొండలు, అడవులు గల కొడైకెనాలుననే పిల్లలకు నేల, నీరు, ప్రాణులు, మానవుడు అన్నిటికిని గల సంబంధమును ఒక్కటిగా చూపు తన బోధనా విధానమును ఆమె పెంపొందించెను.

ఆమె సామగ్రి ఖరీదైనది. మెరుగుపెట్టిన చెక్కదిమ్మలు బీదవాడకు చేరవు. గుజరాతున భావనగరులో గిజుభాయి బధేకా, ఆయన సహచారిణి తారాబాయి మోడక్ ఈ చిక్కును గుర్తించిరి. తారాబాయి పిమ్మట అనుతాయి వాఘ్‌తో కలిసి మహారాష్ట్ర సముద్రతీరమున బోర్డి గ్రామమున 1945లో బాలవాడి నారంభించి, తరువాత కోస్‌బాడు కొండపై వార్లీ గిరిజనుల నడుమకు వెళ్లెను. గింజలు, గవ్వలు, ఆకులు, గులకరాళ్లు ఇవియే అచట బోధన సామగ్రి. పిల్లలు బడికి రానిచో బడియే పిల్లల ముంగిటికి పోయెను. పశువులు కాచు బాలురకై పచ్చికబయలునే తరగతి కూర్చబడెను. 1975లో కేంద్ర ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ప్రారంభించినపుడు ఊరూర వెలసిన ‘అంగన్‌వాడి’ అను మాటలో తారాబాయి ముంగిటి బడి జాడ కలదు. నేడు తెలుగునాట ప్రతి తల్లికిని తెలిసిన ఈ మాట వెనుక ఒక మహారాష్ట్ర స్త్రీ కాలినడక దాగియున్నదని కొలదిమందికే తెలియును.

ఋషిలోయ

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి తన జన్మస్థలమునకు చేరువను ఒక విద్యాలయము వెలయవలెనని కోరెను. 1926లో ఋషికొండ పాదమున, పెద్ద మర్రిచెట్టు గల లోయలో స్థల సేకరణ జరిగెను. అది వర్షము తక్కువగు రాయలసీమ నేల. బోడికొండలు, రాళ్లు, ముళ్లపొదలు. అచటి ఉపాధ్యాయులు, పిల్లలు దశాబ్దములపాటు మొక్కలు నాటి, వాననీటిని నిలిపి, లోయను పచ్చబరచిరి. 1991లో ఆ లోయ పక్షి సంరక్షణ స్థలముగా ప్రకటింపబడెను. పక్షుల పేర్లు పుస్తకములో చూచి నేర్చుట ఒక విధము. పక్షులు వచ్చునట్టి చెట్టును పెంచి నేర్చుట మరియొక విధము.

అయినను ఋషిలోయ పాఠశాల స్థోమతుగలవారి పిల్లలు ఎక్కువగా చదువు వసతి పాఠశాల. లోయ అంచున నున్న పల్లెల పిల్లల మాట యేమి? శిక్షాసత్రమునకు రవీంద్రుని ప్రేరేపించిన ప్రశ్నయే అరువది యేండ్ల తరువాత ఇచట ఉదయించెను. 1980వ దశకమున అచటి గ్రామీణ విద్యాకేంద్రము చుట్టుపట్ల పల్లెలలో ఏకోపాధ్యాయ పాఠశాలలను నెలకొల్పనారంభించెను. వై. ఏ. పద్మనాభరావు, రమ దంపతులు అచట రూపొందించిన విధానమునకు ‘పెట్టెలో బడి’ యని ప్రసిద్ధి కలిగెను.

దాని మర్మము సులభము. ఒకే గదిలో ఐదు తరగతుల పిల్లలుండుట మన పల్లె బడికి శాపమని అందరును తలచిరి. వీరు దానినే వరముగా మార్చిరి. పాఠ్యపుస్తకమును విడగొట్టి చిన్న చిన్న కార్డులుగా చేసిరి. గోడపై నిచ్చెన పటము కలదు. ప్రతి మెట్టుకును ఒక గుర్తు. పిల్లవాడు తానెచట నున్నాడో తానే చూచుకొని, తగిన కార్డు తీసికొని, కొంత తానుగా, కొంత తోటివారితో, కొంత పంతులుతో నేర్చుకొనును. జ్వరము వచ్చి పది దినములు రాని బాలిక విడిచిన మెట్టునుండియే మరల ఎక్కును; ‘వెనుకబడినది’ అను పేరు ఆమెకు రాదు. ఊరి పెద్దలవద్ద సేకరించిన కథలు తెలుగు పాఠములైనవి, తోలుబొమ్మలు బోధకులైనవి, తల్లులను పిలిచి తూకములు, కొలతలు పిల్లలచే చేయించు సంత గణిత పరీక్షయైనది. బడి ఆవరణలో చెట్లు పెంచుట అందరి పని. ముందు నేర్చినవాడు వెనుకవానికి చెప్పు బళ్ళారి వీథిబడి పద్ధతి ఇచట మరల మొలకెత్తెను. ఈసారి అర్థముతో కూడ.

ఈ విత్తనము ఎల్లలు దాటెను. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకానుండి ప్రభుత్వ ఉపాధ్యాయులు ఋషిలోయకు వచ్చి చూచి, తమ భాషలో తామే కార్డులు వ్రాసికొని ‘నలి-కలి’ యను కార్యక్రమము నారంభించిరి. ఆనందముగా నేర్చుకొనుట యని దాని యర్థము. తరువాతి కాలమున అది కర్ణాటక ప్రభుత్వ పాఠశాలలంతట వ్యాపించెను. 2003లో చెన్నై నగర పాలక పాఠశాలలు ఈ మార్గమునే అవలంబించెను. 2007 నాటికి తమిళనాడు రాష్ట్రమంతట ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో అది అమలు కాసాగెను. అర్ధశతాబ్ది పూర్వము కులకల్వి యని పల్లెపల్లెను ప్రతిఘటన చెలరేగిన రాష్ట్రముననే చేతితో, ఆటతో నేర్చుకొను విధానము ప్రభుత్వ బడి ద్వారముగుండ ప్రవేశించెను. ఈసారి అది ఎవరి పుట్టుకను చూడలేదు. ఎవరి చదువును తగ్గింపలేదు.

విస్తరణతో బాటు బలహీనతయు వచ్చెను. కార్డులను తామే వ్రాసికొన్న తొలి ఉపాధ్యాయులకు వాని ప్రాణము తెలియును. పెట్టెలో అచ్చుగా అందుకొన్నవారికి అది మరియొక రిజిస్టరు. కార్డులు చేరిన చోటనెల్ల కుతూహలము చేరలేదు. 2022లో తమిళనాడు ‘ఎణ్ణుమ్ ఎళుత్తుమ్’ అను వేరొక కార్యక్రమమునకు మరలెను.

మిగిలిన ప్రశ్న

1993లో యశ్‌పాల్ సంఘము పిల్లల పుస్తకముల బరువును, అర్థము కాని చదువు బరువును గూర్చి హెచ్చరించెను. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక బడిలోని జ్ఞానమును బడి వెలుపలి జీవితముతో ముడివేయవలెననెను. 2010 ఏప్రిలు 1 నుండి ఆరు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలకు విద్య చట్టబద్ధమైన హక్కాయెను. 2020 జాతీయ విద్యావిధానము సమగ్ర వికాసమును, తొలి తరగతులలో ఆటలద్వారా బోధనను, సాధ్యమైనంత వరకు మాతృభాషను కోరినది. 2023లో పసితరగతులకై బొమ్మలు, కార్డులు, ఆటవస్తువులు గల ‘జాదూయీ పిటారా’ అను మాయాపేటికను కేంద్ర ప్రభుత్వము వెలువరించెను. రవీంద్రుడు, గాంధీజీ, తారాబాయి చెప్పిన మాటలలో పెక్కు ఇప్పుడు సర్కారు కాగితములపై సంతకములతో నున్నవి. ఒకనాడు రహస్య ఉత్తరువుచే నిషిద్ధమైనది నేడు బహిరంగ ఉత్తరువుచే విహితము.

ఉత్తరువు ఎంతవరకు పోగలదో మౌలిక విద్య చరిత్ర చెప్పియున్నది. ఈ నూరేండ్ల కథలో మూడు సంగతులు మరల మరల కానవచ్చుచున్నవి. ఉపాధ్యాయుడు స్వయముగా చూచి, చేసి, వ్రాసికొన్న చోట ఈ విద్య నిలిచెను. పైనుండి పెట్టెలో దిగిన చోట వాడిపోయెను. పరీక్ష మారని చోట తోట ఎండిపోయెను. మెట్రిక్యులేషను నీడ శాంతినికేతనపు చెట్ల నీడకంటె దీర్ఘమైనది. మూడవది అన్నిటికంటె ముఖ్యము: కలవారి బిడ్డలకును లేనివారి బిడ్డలకును ఒక్కటే అని నమ్మకము కుదిరిన చోట ప్రజలు దీనిని ఆదరించిరి, బీదలకు మాత్రమే విధించిన చోట త్రోసిపుచ్చిరి. ఆ త్రోసిపుచ్చుటలో అజ్ఞానము లేదు, ఆత్మగౌరవము కలదు.

ఈ మూడవ సంగతి ప్రభుత్వ కచేరీలలో పనిచేయుచు, స్వరాష్ట్రమునకు దూరముగా బిడ్డలను పెంచు తెలుగు కుటుంబములకు మరింత చేరువైనది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ కృషితో 1948లో ఢిల్లీలో ఆంధ్ర విద్యా సంఘము ఏర్పడినది ఇట్టి బిడ్డలకు తెలుగు చదువు తెగిపోరాదనియే. క్వార్టరు వెనుక నిలిచిన వేపచెట్టు పేరు పిల్లవానికి పాఠములో ఒక భాషలో, వీథిలో మరియొక భాషలో వినవచ్చును. ఇంట తెలుగులో వినబడకపోయినచో ఆ చెట్టు వానికి ప్రశ్నాపత్రములోని చెట్టు మాత్రమే యగును. తండ్రి బదిలీపై వెళ్లిన ప్రతి యూరను ఒక వేపయో, చింతయో, రావియో నిలిచియుండును. దాని క్రింద పది నిమిషములు పిల్లవానితో నిలుచుటకు గ్రాంటు అక్కరలేదు. ఆ పిల్లవాడు దాని ఆకును చూపి అడుగు ప్రశ్నకు మాత్రము ఎవరైన ఓపికతో బదులు చెప్పవలెను. ఇంట తల్లిదండ్రులు, బడిలో పంతులు. ఐదుగురు పిల్లలతో 1901లో మొదలైన పని అంతటిదే. ఇప్పుడు దానికి కావలసిన పిల్లల సంఖ్య కోట్లలో నున్నది.